ఖాళీ వంతు ఏ రోజు? చూసి చెప్పే కంప్యూటరు సహాయకుడు

రోగి ఆసుపత్రిలో చేరిన మొదటి రెండు మూడు రోజులు బంధువులకు కొదవ ఉండదు. వార్డు బయట బెంచీలు నిండిపోతాయి. పండ్లు, కొబ్బరి బొండాలు, కాఫీ ఫ్లాస్కులు వస్తూనే ఉంటాయి. పది రోజులు గడిచేసరికి మంచం పక్కన ఒక్కరే మిగులుతారు. వారికి నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు. చివరకు వారే జబ్బున పడతారు.

దీనికి కారణం బంధువులకు ప్రేమ లేకపోవడం కాదు. "ఏ సాయం కావాలన్నా మొహమాటపడకండి" అని అందరూ మనస్ఫూర్తిగానే చెబుతారు. ఏ రోజు, ఏ పూట, ఎవరు రావాలన్నది మాత్రం ఎవరికీ తెలియదు. అందువల్ల మంగళవారం మధ్యాహ్నం మూడు ఇళ్ళ నుంచి మూడు క్యారియర్లు వస్తాయి. గురువారం ఒక్కటీ రాదు. ఈ చిక్కు తీర్చడానికి ఉపయోగపడేదే వంతుల పట్టిక. ఆ పట్టికలో ఖాళీలు ఎక్కడున్నాయో చూసి చెప్పే కంప్యూటరు సాధనాలు కూడా ఇప్పుడు వచ్చాయి. అవి ఏమిటి? ఎలా పనిచేస్తాయి? వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? రోగి కుటుంబ సభ్యులకు తెలియవలసిన విషయాలు ఈ వ్యాసంలో చూద్దాం.

వంతుల పట్టిక అంటే ఏమిటి?

ఒక కాగితం మీద తేదీలు రాసి, ప్రతి తేదీకి ఎదురుగా కావలసిన పని రాసి, చేయగలిగినవారు తమ పేరు రాసుకునేదే వంతుల పట్టిక. ఇదే పట్టికను ఇంటర్నెట్టులో పెడితే, ఏ ఊళ్ళో ఉన్నవారైనా తమ సెల్‌ఫోనులో దాన్ని తెరిచి పేరు నమోదు చేసుకోవచ్చు. అమెరికాలో పాఠశాలలు, సంఘాలు, ఇరుగుపొరుగువారు ఇందుకోసం సైన్‌అప్‌జీనియస్ వంటి సేవలను వాడుతుంటారు. జబ్బుపడిన ఇంటికి భోజనం పంపే వంతుల కోసమే మీల్ ట్రైన్ అనే సేవ ఉంది. మన దగ్గర చాలామంది గూగుల్ షీట్ తయారుచేసి, దాని లింకును కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు.

ఎలాంటి పట్టికలోనైనా ముఖ్యంగా చూడవలసిన అంకెలు మూడే. ఆ పూటకు ఎంతమంది కావాలి? ఎంతమంది పేరు ఇచ్చారు? ఇంకా ఎన్ని ఖాళీలున్నాయి? మొదటి అంకెలో నుంచి రెండవది తీసివేస్తే మూడవది వస్తుంది.

వంతు తప్పితే నష్టమేమిటి?

భోజనం వంతు తప్పితే క్యాంటీనులో కొనుక్కోవచ్చు. రక్తం విషయంలో అలా కుదరదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయనగరం జిల్లాలోని ఒక పల్లె నుంచి రక్త క్యాన్సరు చికిత్సకు వచ్చిన ఒక తల్లి ఉన్నారనుకోండి. కీమోథెరపీ తరువాత ఆమె రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోవచ్చు. అప్పుడు డాక్టరు గారు ప్లేట్‌లెట్లు ఎక్కించాలంటారు. ఒకసారి ఎక్కిస్తే సరిపోకపోవచ్చు. కొద్ది రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ కావలసి రావచ్చు.

ప్లేట్‌లెట్లు ఎక్కువకాలం నిల్వ ఉండవు. వాటిని 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో, నిదానంగా కదుపుతూ ఉంచాలి. అలా ఉంచినా సాధారణంగా 5 రోజులే పనికివస్తాయి. ఎర్ర రక్తకణాలను ప్రత్యేక ద్రావణంలో, 2 నుంచి 6 డిగ్రీల చలిలో 42 రోజుల వరకు నిల్వ చేయవచ్చు. ప్లేట్‌లెట్లకు ఆ సౌకర్యం లేదు.

మరొక సంగతి. మన దేశ నిబంధనల ప్రకారం ఒకసారి పూర్తి రక్తం ఇచ్చిన పురుషుడు మళ్ళీ ఇవ్వడానికి 90 రోజులు, స్త్రీ 120 రోజులు ఆగాలి. ఊరి నుంచి ఐదుగురు అన్నదమ్ములు ఒకే జీపులో వచ్చి, ఒకే రోజున ఐదుగురూ రక్తం ఇచ్చి వెళ్ళారనుకోండి. పై వారం అవసరం వచ్చినప్పుడు ఆ ఐదుగురిలో ఒక్కరూ పూర్తి రక్తం ఇవ్వడానికి పనికిరారు. (ప్లేట్‌లెట్లను మాత్రమే యంత్రం ద్వారా తీసే పద్ధతికి నియమాలు వేరు. వాటిని బ్లడ్ బ్యాంకువారిని అడిగి తెలుసుకోండి.) కనుక దాతలు ఎంతమంది ఉన్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరు ఏ రోజు వస్తారన్నది కూడా అంతే ముఖ్యం. వంతుల పట్టిక అవసరం ఇక్కడే తెలుస్తుంది.

కృత్రిమ మేధ సహాయకుడు అంటే ఎవరు?

మనం మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నకు మాటల్లోనే జవాబు చెప్పే కంప్యూటరు ప్రోగ్రాములు 2022 చివరి నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వీటి వెనుక ఉన్న శాస్త్రాన్ని కృత్రిమ మేధ అంటారు. మొదట్లో ఇవి తాము నేర్చుకున్న విషయాల నుంచి మాత్రమే జవాబు చెప్పేవి. మీ అమ్మగారి వంతుల పట్టిక వాటికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు.

తరువాత వీటికి సాధనాలు ఇవ్వడం మొదలైంది. సాధనం అంటే ఒక చిన్న కిటికీ వంటిది. ఆ కిటికీ గుండా ప్రోగ్రాము బయటి సమాచారాన్ని చూడగలదు. ఇలా సాధనాలను వాడుకుంటూ మనం అప్పగించిన పనిని ఒక్కొక్క మెట్టుగా చేసుకుపోయే ప్రోగ్రామును ఏఐ ఏజెంటు అంటున్నారు. ఈ వ్యాసంలో దాన్ని సహాయకుడు అందాం.

మొదట్లో ఒక్కొక్క సహాయకుడికీ ఒక్కొక్క రకంగా సాధనాలు తయారుచేయవలసి వచ్చేది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికా సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ప్రమాణాన్ని ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. ఏ కంపెనీ ఫ్యానునైనా ఇంట్లోని ఒకే రకం ప్లగ్గులో పెట్టగలిగినట్టు, ఈ ప్రమాణం ప్రకారం చేసిన సాధనాన్ని వేరువేరు సహాయకులకు తగిలించవచ్చు. వంతుల పట్టికలో ఖాళీలు చూసే సాధనాన్ని కూడా ఈ పద్ధతిలో తయారుచేయవచ్చు.

ఈ సాధనం ఎలా పనిచేస్తుంది?

మన ఉదాహరణలోని తల్లికి ముగ్గురు పిల్లలు. పెద్దబ్బాయి అమెరికాలోని డాలస్‌లో ఉంటాడు. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. చిన్నబ్బాయి తల్లి దగ్గరే ఉన్నాడు. అమ్మాయి తన ఫోనులోని సహాయకుడిని "ఈ వారం అమ్మ దగ్గర పడుకోవడానికి ఏ రాత్రి ఎవరూ లేరు?" అని అడిగిందనుకోండి. అప్పుడు జరిగేది ఇది.

1. ఈ ప్రశ్నకు జవాబు తన దగ్గర లేదని, పట్టికను చూడాలని సహాయకుడు గ్రహిస్తాడు.

2. పట్టిక చిరునామాను, అంటే లింకును, సాధనానికి అందిస్తాడు.

3. సాధనం ఆ పట్టికను తెరిచి, వరుసలను చదివి తిరిగి ఇస్తుంది. సోమవారం రాత్రి: కావలసినవారు 1, పేరు ఇచ్చినవారు 1, ఖాళీ 0. గురువారం రాత్రి: కావలసినవారు 1, పేరు ఇచ్చినవారు 0, ఖాళీ 1. ఇలా వారమంతా ఉంటుంది.

4. సహాయకుడు ఆ వరుసల్లో ఖాళీ ఉన్నవాటిని ఏరి, "గురువారం రాత్రికి ఎవరూ పేరు ఇవ్వలేదు" అని మాటల్లో చెబుతాడు.

ఇరవై వరుసల పట్టిక అయితే మనమే చూసుకోవచ్చు. నైట్ అటెండెంట్లు, క్యారియర్లు, రక్తదాతలు, మందులు తెచ్చేవారు అంటూ నాలుగు పట్టికలు నెల రోజులకు ఉన్నప్పుడు, నిద్రలేని కళ్ళతో వాటిని వెతకడం కష్టం. "వచ్చే పది రోజుల్లో రక్తదాత లేని తేదీలు చెప్పు" అని అడిగితే సహాయకుడు కొద్ది క్షణాల్లో చెప్పగలడు. రోజూ ఉదయం ఒకసారి చూసి చెప్పేటట్టు కొన్నింటిలో ఏర్పాటు చేసుకోవచ్చు కూడా.

చూడటం వేరు, రాయడం వేరు

ఇలాంటి సాధనాలలో రెండు రకాలున్నాయి. మొదటి రకం పట్టికను చదువుతుంది, అంతే. రెండవ రకం పట్టికలో పేరు రాయగలదు, కొట్టివేయగలదు కూడా. కుటుంబాలకు మొదటి రకమే మేలు. చదవడంలో పొరపాటు జరిగితే మళ్ళీ చూసుకోవచ్చు. రాయడంలో పొరపాటు జరిగితే ఒక దాత పేరు చెరిగిపోయిన సంగతి, ఆ రోజు వచ్చేవరకు ఎవరికీ తెలియకపోవచ్చు.

ఇంకొక కారణం కూడా ఉంది. వంతుకు పేరు ఇవ్వడమంటే మాట ఇవ్వడం. "మీ పేరు రాసేశాను" అని యంత్రం చెప్పినంత మాత్రాన చిన్నాన్నగారు బస్సెక్కి రారు. ఆయనను అడగాలి, ఆయన సరేననాలి. "చిన్నాన్నా, గురువారం రాత్రి అమ్మ దగ్గర ఎవరూ లేరు. మీరు పడుకోవడానికి రాగలరా?" అని ఫోను చేయడం మన పనే. ఖాళీ ఎక్కడుందో యంత్రం చెబుతుంది. దాన్ని నింపవలసింది మనుషులు.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

పాత సమాచారం: సహాయకుడు చూసినప్పుడు ఉన్న ఖాళీ, మీరు ఫోను చేసే సమయానికి నిండిపోయి ఉండవచ్చు. కొన్ని సాధనాలు కొద్దిసేపటి క్రితం తీసిపెట్టుకున్న నకలును చూపిస్తాయి. కనుక "ఇది ఎప్పుడు చూసిన సంగతి?" అని తప్పక అడగండి.

తేదీ రాసే పద్ధతి: 5/6 అని రాస్తే మనకు జూన్ 5. అమెరికాలో మే 6. డాలస్‌లోని పెద్దబ్బాయి తయారుచేసిన పట్టికను ఊళ్ళోని మేనమామ చదివితే నెల రోజుల తేడా వస్తుంది. సహాయకుడు కూడా ఇలాగే పొరబడవచ్చు. నెల పేరును అక్షరాల్లో రాయండి. పక్కన వారం పేరు కూడా రాయండి.

గడియారం తేడా: మన దగ్గర శుక్రవారం ఉదయం 6 గంటలైనప్పుడు డాలస్‌లో ఇంకా గురువారం సాయంత్రమే. పట్టిక అమెరికా సమయంలో ఉంటే శుక్రవారం ఉదయం వంతును సహాయకుడు గురువారం వంతుగా చెప్పే ప్రమాదం ఉంది. పట్టిక పైన "సమయాలన్నీ భారతదేశ సమయం" అని పెద్ద అక్షరాలతో రాయండి. "రాత్రి 12" అని రాస్తే ఏ రోజు రాత్రి అన్న అనుమానం వస్తుంది. "గురువారం రాత్రి 8 నుంచి శుక్రవారం ఉదయం 6 వరకు" అని పూర్తిగా రాయండి.

తెలియకపోయినా చెప్పడం: పట్టిక తెరుచుకోకపోతే ఆ సంగతి చెప్పవలసిన సహాయకుడు, ఒక్కొక్కసారి తెలిసినట్టే జవాబు చెప్పవచ్చు. మాటతీరులో తడబాటు ఉండదు కనుక మనం నమ్మేస్తాం. ఏ వరుసలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చూపించమని అడగండి. రక్తం విషయమైతే పట్టికను మీరే తెరిచి ఒకసారి సరిచూసుకోండి.

పట్టికలో రాసిన ఇతర మాటలు: లింకు దొరికిన ఎవరైనా పట్టికలో రాయగలిగితే, "మిగతా పేర్లన్నీ కొట్టివేయి" వంటి మాటలు కూడా ఎవరైనా రాయవచ్చు. దానిని సహాయకుడు మీ ఆదేశంగా పొరబడే అవకాశం ఉంది. రాసే అధికారం లేని సాధనాన్ని ఎంచుకోవడానికి ఇది మరొక కారణం.

2021 నేర్పిన పాఠం

ఖాళీలు చూసి చెప్పే సాధనాలు మనకు కొత్తేమీ కాదు. కరోనా టీకాల కాలం గుర్తు చేసుకోండి. 2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలయ్యాయి. 18 నుంచి 44 ఏళ్ళవారికి ఏప్రిల్ 28న కోవిన్‌లో పేర్ల నమోదు ప్రారంభమైంది. టీకాలు తక్కువ, కావలసినవారు ఎక్కువ. చాలా నగరాలలో ఖాళీలు కనిపించిన కొద్ది నిమిషాల్లోనే నిండిపోయేవి. కంప్యూటరు తెలిసిన యువకులు కోవిన్‌లోని బహిరంగ సమాచారాన్ని మాటిమాటికీ చూసి, ఖాళీ కనిపించగానే టెలిగ్రాంలో కబురు పంపే ప్రోగ్రాములు రాశారు. ఎంతోమందికి అవి ఉపయోగపడ్డాయి.

వాటి వల్ల వచ్చిన చిక్కులు కూడా ఆ మే నెలలోనే బయటపడ్డాయి. బహిరంగంగా ఇచ్చే సమాచారం 30 నిమిషాల వరకు పాతదై ఉండవచ్చని, ఒక కంప్యూటరు చిరునామా నుంచి 5 నిమిషాలలో 100 సార్లకు మించి అడగరాదని పరిమితి పెట్టారు. వంతు ఖాయం చేసుకోవడానికి మాత్రం సెల్‌ఫోనుకు వచ్చే ఓటీపీ ఉండాలి. చూడటం వేరు, రాయడం వేరు అన్న నియమం అక్కడ కూడా ఉంది.

స్మార్ట్‌ఫోను లేనివారి సంగతేమిటన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వినిపించింది. మే 24న ప్రభుత్వ టీకా కేంద్రాలలో 18 నుంచి 44 ఏళ్ళవారికి అక్కడికక్కడే పేరు నమోదు చేసుకునే వీలు కల్పించారు. మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా ఈ అంతరాన్ని ప్రస్తావించింది.

మన కుటుంబంలోనూ ఈ అంతరం ఉంటుంది. రక్తం ఇవ్వడానికి ముందుగా వచ్చే బాబాయి గారికి బటన్ ఫోనే ఉండవచ్చు. రాత్రిళ్ళు ఓపికగా కూర్చునే పెద్దమ్మకు చదువు రాకపోవచ్చు. ఫోనులో పట్టిక పెట్టాం కదా అని వారిని మరచిపోతే, నిజంగా వచ్చేవారినే దూరం చేసుకున్నట్టు. వారికి ఫోను చేసి అడిగి, వారి పేరును మీరే పట్టికలో రాయండి. పట్టికను రోజూ ఒకసారి కాగితం మీద రాసి రోగి మంచం దగ్గర పెట్టండి.

రోగి వివరాలు భద్రం

పట్టిక లింకు ఒక గ్రూపు నుంచి మరొక గ్రూపుకు సులభంగా వెళ్ళిపోతుంది. సహాయకుడికి చూపించిన సమాచారం ఆ సేవను నడిపే సంస్థకు కూడా చేరుతుంది. కనుక పట్టికలో జబ్బు పేరు, పరీక్షల ఫలితాలు, ఆధార్ నంబరు రాయకండి. "బి పాజిటివ్ దాత, శనివారం ఉదయం 9 గంటలు" అంటే చాలు. దాతల ఫోను నంబర్లు వేరే కాగితంలో, కుటుంబంలో ఒకరి దగ్గరే ఉంచండి. రోగి మాట్లాడగలిగే స్థితిలో ఉంటే, ఇలా పట్టిక పెడుతున్నామని చెప్పి వారి అనుమతి తీసుకోండి. తమ జబ్బు సంగతి ఎవరికి తెలియాలో నిర్ణయించుకునే హక్కు వారిది.

కొన్ని సందేహాలు

ప్రశ్న: బ్లడ్ బ్యాంకులో ఏ రక్తం ఉందో కూడా ఇలా చూడవచ్చా?
జవాబు: ప్రభుత్వం నడుపుతున్న ఈ-రక్తకోశ్‌లో బ్లడ్ బ్యాంకుల నిల్వల వివరాలు చూడవచ్చు. అక్కడ కనిపించిన నిల్వ మీరు వెళ్ళేసరికి వేరొకరికి ఇచ్చి ఉండవచ్చు. బయలుదేరే ముందు తప్పక ఫోను చేయండి.

ప్రశ్న: పట్టికలో పేరు ఉంటే ఆ దాత రక్తం తీసుకుంటారా?
జవాబు: అలా చెప్పలేం. వయస్సు, బరువు, హిమోగ్లోబిన్, ఇటీవల వచ్చిన జబ్బులు, వాడుతున్న మందులు చూసి బ్లడ్ బ్యాంకువారు నిర్ణయిస్తారు. అందుకే ప్రతి తేదీకి ఒకరిని అదనంగా రాసి ఉంచుకోవడం మంచిది.

ప్రశ్న: అత్యవసరంగా రక్తం కావాలంటే సహాయకుడిని అడగవచ్చా?
జవాబు: ఆ సమయంలో ఫోను పట్టుకుని కూర్చోకండి. ముందు డ్యూటీ సిస్టరుకు, డాక్టరు గారికి చెప్పండి. పట్టిక ముందుచూపు కోసమే.

గుర్తుంచుకోవలసినవి

- పట్టిక బాధ్యత కుటుంబంలో ఒక్కరికే అప్పగించండి. వీలైతే రోగి దగ్గర లేనివారికి, అంటే దూరాన ఉన్న బిడ్డకు ఇవ్వండి. వారికీ సాయపడ్డామన్న తృప్తి ఉంటుంది.
- సహాయకుడికి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి.
- తేదీ, వారం, సమయం పూర్తిగా రాయండి.
- ఖాళీ కనిపిస్తే మనిషికి ఫోను చేయండి. వారు సరేనన్న తరువాతే పేరు రాయండి.
- ముందురోజు సాయంత్రం మరొకసారి గుర్తు చేయండి.
- వచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పండి. రాలేకపోయినవారిని నిందించకండి. వారికీ ఇబ్బందులుంటాయి, మరొక రోజు రాగలరు.

మన ఉదాహరణలోని అమ్మాయి బుధవారం ఉదయం గురువారం ఖాళీని గమనించి, చిన్నాన్నగారికి ఫోను చేసిందనుకోండి. ఆయన సాయంత్రం బస్సుకే బయలుదేరతారు. పన్నెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేని చిన్నబ్బాయి గురువారం రాత్రి ఆరు గంటలు నిద్రపోతాడు. మరునాడు ఉదయం డాక్టరు గారు రౌండ్సుకు వచ్చి మందుల మార్పు చెప్పినప్పుడు, అతడు శ్రద్ధగా విని గుర్తుపెట్టుకోగలడు. రోగికి అందే సేవలో ఆమెను చూసుకునేవారి నిద్ర కూడా ఒక భాగమే.